ఆదివారం తేదీ వేసిన డబ్బా

జియోక్యాషింగ్ అంటే ఎవరో దాచిన డబ్బాని జీపీఎస్ సాయంతో వెతికి, అందులోని పుస్తకంలో పేరు రాసే ఆట. అది ఆడేవాళ్లు మామూలుగా మ్యాప్ చూసి ప్రయాణం పెట్టుకుంటారు. ఈసారి నేను తేదీ చూసి పెట్టుకున్నాను. కొండల మధ్య ఒక చెరువు గట్టున, ఆదివారం ఉదయం పదింటికి ఈవెంట్, అంటే ఆటవాళ్లంతా కలుసుకునే కార్యక్రమం. రెండు నెలల ముందే ఆట వెబ్‌సైట్‌లో దాని పేజీ వచ్చేసింది. మామూలు ఈవెంట్‌ని మూడు నెలల ముందు వరకు పెట్టుకోవచ్చు, ఎంత ఆలస్యమైనా రెండు వారాల ముందు, పేజీలు చూసి పబ్లిష్ చేసే రివ్యూయర్‌కి పంపాలి. కాబట్టి సెలవు అడగడానికి, గది వెతకడానికి బోలెడంత సమయం ఉంది. వస్తున్నానని ఆ పేజీలో ‘విల్ అటెండ్’ లాగ్ రాసేసి, శుక్రవారం బయలుదేరాను.

రెండు రాత్రులకీ చెరువు పక్కనే గది తీసుకున్నాను. కిటికీ తెరిస్తే నీళ్లు, నడిచే దూరంలో నాలుగైదు డబ్బాలు, గది కూడా శుభ్రంగా ఉంది. ఒకే ఒక్క లోపం, ఫోన్‌కి సిగ్నల్ లేదు. సిగ్నల్ కావాలంటే మూడు కిలోమీటర్లు దిగి బస్టాండ్ దాకా రావాలి. పాకెట్ క్వెరీలు, అంటే సైట్ ఇచ్చే డబ్బాల జాబితాలు, ముందే ఫోన్‌లోకి దించుకున్నాను కదా, సిగ్నల్‌తో పనేముంది అనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

ఒక్కో పాకెట్ క్వెరీలో డబ్బాలు, ఈవెంట్లు కలిపి వెయ్యి క్యాష్‌లకు మించి రావు. అందుకని చాలామంది జాబితాని, డబ్బా పెట్టిన తేదీని బట్టి ముక్కలు చేసుకుంటారు. ఈ ఆటలో మొదటి డబ్బా దాచిందే 2000 మే 3న, అమెరికాలోని ఒరెగాన్‌లో. నా మొదటి ముక్క ఆ రోజు నుంచి మొదలు, చివరి ముక్క బయలుదేరే శుక్రవారంతో ఆఖరు. ఇవాళ్టి తర్వాత పెట్టిన డబ్బాలు ఉండవు కదా అన్నది నా లెక్క. కానీ ఈవెంట్ పేజీలో ఆ చోట ఉండేది పేజీ పెట్టిన తేదీ కాదు, ఈవెంట్ జరిగే తేదీ! ఏ ఈవెంట్ కోసం అంత దూరం వచ్చానో అదే నా ఫోన్‌లో లేదు. సమయం, చోటు గుర్తున్నాయి కాబట్టి సరిపోయింది.

శనివారం ఉదయం గట్టుకి ఇవతల ఒక పాత డబ్బా కోసం గంటన్నర రాళ్ల సందులన్నీ వెతికాను. దొరకలేదు, అదే అర్థం వచ్చే డీఎన్‌ఎఫ్ రాసుకున్నాను. అవతలి గట్టున పదిమంది సంచులు పట్టుకుని ఏదో ఏరుతూ కనిపించారు. ఎవరో అనుకుని పట్టించుకోలేదు. అది సిటో అని, అంటే ఆటవాళ్లే కలిసి చెత్త ఏరే ఈవెంట్ అని, మర్నాడు తెలిసింది. దాని తేదీ శనివారం, కాబట్టి అదీ నా క్వెరీలోకి రాలేదు. ఈవెంట్ చూసుకున్నప్పుడే చుట్టుపక్కల ఇంకేమున్నాయో చూడకపోవడం నా బద్ధకం.

మధ్యాహ్నం బస్టాండ్‌కి దిగితే బుధవారం వచ్చిన మెయిల్ ఒకటి గుర్తొచ్చింది. కొత్త ట్రెడిషనల్ డబ్బా, అంటే పేజీలో ఇచ్చిన చోటే ఉండే రకం. పేజీ తెరిస్తే దాచిన తేదీ దగ్గర ఆదివారం అని ఉంది. మూడు రోజులైనా ఎవరూ లాగ్ రాయలేదు. తేదీ చూసి అందరూ ఆగినట్టున్నారు. నేను ఆగలేదు. రివ్యూయర్‌కి పంపే సమయానికే డబ్బా అక్కడ ఉండాలన్నది నియమం, పేజీ పబ్లిష్ అయిందంటే డబ్బా ఉన్నట్టే. కొండ ఎక్కేటప్పుడు మాత్రం కొంచెం టెన్షన్, ఉత్తి చేతులతో దిగాల్సి వస్తుందేమోనని. చెట్టు మొదట్లో, చెప్పిన చోటే ఉంది. లాగ్‌బుక్ తెల్లగా ఉంది. పేరు, శనివారం తేదీ రాసి పెట్టేశాను. ఎఫ్‌టీఎఫ్, అంటే అందరికంటే ముందు కనుక్కున్న ఘనత, నాదే.

ఆదివారం ఈవెంట్ చక్కగా జరిగింది. కనీసం అరగంట ఉండాలన్నది నియమం, వీళ్లు రెండు గంటలు కూర్చోబెట్టారు. సంతకాల పుస్తకం పెట్టారు కానీ ఎవర్నీ బలవంతపెట్టలేదు. ఒకాయన నవ్వుతూ, “ఏవండీ, నిన్న ఇవతలి గట్టు మీద తిరిగింది మీరేగా, చెత్త ఏరడానికి రాలేదేం?” అని అడిగారు. ఏం చెప్పను!

ఆ కొత్త డబ్బా ఓనర్ కూడా అక్కడే ఉన్నారు. ఈవెంట్ అయ్యాక అందరూ కలిసి వెళ్లి తీయాలని ఆదివారం తేదీ వేశారట. తేదీ వేస్తే ఆ రోజే పబ్లిష్ అవుతుందనుకున్నారు. ఫలానా రోజు పబ్లిష్ చేయమని రివ్యూయర్‌కి ఒక్క నోట్ రాసి ఉంటే సరిపోయేది. “అయితే మీరు తీసేశారా?” అన్నారు, మొహం కాస్త చిన్నబోయింది. నాకూ ఇబ్బందిగానే అనిపించింది కానీ తప్పు చేశానని మాత్రం అనుకోను.

మళ్లీ వెళ్తే ఆ గదే తీసుకుంటాను. చివరి క్వెరీని మాత్రం మూడు నెలల తర్వాతి తేదీ దాకా పెడతాను. తిరుగు బస్సులో పేజీ తెరిచి చూస్తే, ఓనర్ దాచిన తేదీని బుధవారానికి మార్చేసి ఉన్నారు.