నకిలీ స్టాంపులు పట్టే పాకెట్ మైక్రోస్కోప్: ఎంతవరకు పనికొస్తుంది?

1948 గాంధీ 10 రూపాయల స్టాంపు కొనేవాళ్ల జేబులో ఈ పాకెట్ మైక్రోస్కోప్ ఉండాల్సిందే. అసలు స్టాంపును స్విట్జర్లాండ్‌లో కూర్వాజియే సంస్థ ఫోటోగ్రావ్యూర్‌లో (సన్నని గుంటలు చెక్కిన సిలిండర్‌తో అచ్చేసే పద్ధతి) అచ్చేసింది. లెన్స్ కింద గాంధీగారి చెంప మీద సన్నని గళ్లు ఒకే వరసలో కనిపిస్తాయి. రంగురంగుల చుక్కలు పువ్వు రేకుల్లా గుంపులు కట్టాయంటే అది ఆఫ్‌సెట్ (మామూలు పుస్తకాలు, పత్రికలు అచ్చేసే పద్ధతి) కాపీయే.

పెట్టె మీద 60 రెట్లు అని ఉన్నా అంత పెద్దగా చూపదు, ఈ పనికి చాలు. ఫోకస్ చక్రం కాస్త వదులుగా ఉంటుంది. స్టాంపును పలచని పారదర్శక కవరులో పెట్టి, పరికరాన్ని దాని మీద ఆనించి చక్రాన్ని మెల్లగా తిప్పండి. యూవీ లైటులో కాగితం నీలితెలుపుగా మెరిస్తే అనుమానించండి. అయితే డిటర్జెంట్‌తో కడిగిన అసలుదీ అలాగే మెరవొచ్చు. పెర్ఫొరేషన్ (అంచు చిల్లులు, 2 సెంటీమీటర్లకు ఎన్ని అనే లెక్క) 11½ ఉందో లేదో కొలవడానికి గేజ్ విడిగా కొనాల్సిందే.

‘సర్వీస్’ ముద్ర (ప్రభుత్వ వాడకం కోసం స్టాంపు మీద అదనంగా అచ్చేసిన మాట) ఉన్నదాని దగ్గర మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. అక్కడ స్టాంపు అసలుదే, ముద్రే దొంగది కావచ్చు. నిపుణుల సర్టిఫికెట్ చూడకుండా డబ్బివ్వకండి.