పూడ్చిన క్వారీ వాలుల మీద కాయర్ నెట్: ఏళ్ల వాడకం తర్వాత

బెంగళూరు చుట్టుపక్కల పాత రాతి క్వారీలను పూడ్చి, పైన ఎర్రమట్టి పరిచి వాడుకలోకి తెస్తున్న జాగాల్లో మొదటి గట్టి వానకే వాలు చారలు చారలుగా కోసుకుపోతుంది. ఆ కోతను ఆపడానికి కొబ్బరి పీచుతో నేసిన కాయర్ నెట్‌ను 400, 700, 900 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) రకాల్లో ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న సమీక్ష ఇది. ముందే తేల్చి చెప్పాలంటే, 700 జీఎస్ఎం నెట్ పెట్టిన డబ్బుకు తగ్గ సరుకు. అయితే పై నుంచి దిగే నీళ్లను ముందే పక్కకు మళ్లించి ఉండాలి. ఆ పని జరగని చోట ఎంత మందం నెట్ పరిచినా దండగే.

అందుకే కాలువతో మొదలుపెట్టండి. వాలు అంచుకు రెండు మూడు మీటర్ల వెనక, పైభాగాన అడ్డంగా మళ్లింపు కాలువ తవ్వాలి. సైజు కంటి అంచనాతో వద్దు. ఒక హెక్టారు బోడి నేల మీద గంటకు 80 మి.మీ. జోరున వాన పడి, అందులో 60 శాతం పారితే సెకనుకు సుమారు 133 లీటర్లు వస్తాయి. అడుగున 45 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. లోతు, పక్కలు ఒకటికి ఒకటిన్నర వాలు (మీటరు ఎత్తుకు మీటరున్నర అడ్డం), ప్రతి 200 మీటర్లకు ఒక మీటరు దిగుడు ఉన్న మట్టికాలువలో 30 సెం.మీ. ఎత్తున నీళ్లు పారితే సుమారు 170 లీటర్లు పోతాయి. పైన 15 సెం.మీ. ఖాళీ మిగులుతుంది. నీటి వేగం సెకనుకు 0.6 మీటరు పైచిలుకు ఉంటుంది కాబట్టి గరిక పట్టిన ఎర్రమట్టి తట్టుకుంటుంది. దిగుడు పెంచితే కాలువే కోసుకుపోతుంది, మరీ తగ్గిస్తే ఒండ్రు పేరుకుని పొంగుతుంది.

కాలువను కాంక్రీటుతో కట్టేస్తే పీడ వదులుతుందని చాలామంది కాంట్రాక్టర్లు అంటారు. పూడ్చిన నేలలో నేను దానికి ఒప్పుకోను. పూడిక మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. కాంక్రీటు కుంగలేక అతుకుల దగ్గర పగులుతుంది. పగుల్లోంచి దిగిన నీరు కిందున్న మట్టిని మెల్లగా లాక్కుపోతుంది. పైకి కాలువ బాగానే కనిపిస్తుంది, అడుగున మాత్రం బొరియ. మట్టికాలువ, రాయి పేర్చిన కాలువ అయితే నేలతో పాటే కుంగుతాయి, తట్టెడు మట్టితో సరిచేసుకోవచ్చు.

నీటిని వాలు మీదుగా కిందికి దింపే చోట మాత్రం రాయి తప్పదు. క్వారీలో రాయికి కొదవ లేదు. కాకపోతే మట్టి మీద నేరుగా పేర్చవద్దు. ముందు 10 నుంచి 15 సెం.మీ. కంకర గానీ, నాన్‌వోవెన్ జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపే, నేయని సింథటిక్ గుడ్డ) గానీ పరవాలి. లేదంటే రాళ్ల సందుల్లోంచి మన్ను పోయి రాళ్లన్నీ దిగబడతాయి. నీటి జోరు తగ్గించడానికి కాలువలో అడ్డంగా వేసే రాతికట్టల మధ్యభాగం పక్కల కంటే 15 సెం.మీ. తక్కువ ఎత్తులో ఉండాలి. అన్నీ సమంగా పేరిస్తే నీరు పక్క నుంచి తిరిగి గట్టునే తినేస్తుంది. కింది కట్ట తల, పై కట్ట పాదం ఒకే మట్టానికి రావాలి. వందకు రెండు దిగుడు ఉన్న కాలువలో 45 సెం.మీ. కట్టలకు దూరం 22 మీటర్లు.

ఇక నెట్ సంగతి. 400 జీఎస్ఎం మూడుకు ఒకటి (మూడు మీటర్ల అడ్డానికి ఒక మీటరు ఎత్తు) కంటే మెత్తని వాలులకు చాలు. రెండుకు ఒకటి దాకా 700 వాడండి. నీరు చేరి పారే పల్లాలకు 900. లారీ కుమ్మరించిన కుప్ప దానంతట అది నిలిచే కోణం సుమారు 37 డిగ్రీలు. సింగరేణి ఓబీ డంపుల (బొగ్గు పైనుంచి తీసి పోసిన మట్టి, రాళ్ల గుట్టల) మీద పనిచేసినవాళ్లకు ఇది తెలిసిన విషయమే. ఆ కోణం మీద నెట్ పరిచి లాభం లేదు, వాలును 27 డిగ్రీలకు తగ్గించాకే పరవాలి. లోతు నుంచి జారే వాలును ఏ నెట్టూ ఆపదు. అంచు వెంబడి పొడుగు పగుళ్లు కనిపిస్తే అది వేరే జబ్బు.

పరిచే ముందు నేలను 15 సెం.మీ. లోతున గీరి, ఆ మీదే మేలుమట్టి వేయాలి. నున్నగా రోలర్ తిప్పిన నేల మీద వేసిన మట్టి పొరగా జారిపోతుంది. క్రషర్ డస్ట్ మిగిలిన చోట తేమ నిలవదు కాబట్టి 15 సెం.మీ. కంటే తక్కువ మేలుమట్టితో గడ్డి బతకదు. ఏరగలిగిన రాళ్లన్నీ ఏరాలి, చారలన్నీ పూడ్చి దిమ్మిస కొట్టాలి. విత్తనం చల్లాక, అంచున 30 సెం.మీ. లోతు, అంతే వెడల్పు గాడి తీసి నెట్ కొస అందులో పాతాలి. చుట్టను పై నుంచి కిందికే దొర్లించాలి, అడ్డంగా కాదు. పక్క అతుకు 15 సెం.మీ., పై ముక్క కింది ముక్క మీదికి పెంకుల వరుసలా రావాలి. బిగించి లాగవద్దు. లాగితే గుంటల మీద నెట్ గాలిలో తేలుతుంది, నీరు దాని కింద దారి చేసుకుంటుంది. నేను చూసిన వైఫల్యాల్లో ఎక్కువ ఇలా వచ్చినవే. 6 మి.మీ. ఊచతో చేసిన 25 సెం.మీ. యూ పిన్నులు చదరపు మీటరుకు రెండు, అతుకుల మీద అర మీటరుకొకటి. కాపలా లేని జాగాలో ఇనుప పిన్నులు మాయమవుతాయి. అక్కడ వెదురు మేకులు వాడండి. చెదలు పట్టినా ఈలోపు వేర్లు నాటుకుంటాయి.

బెంగళూరులో ఏప్రిల్, మే నెలల ఉరుముల వానలే ప్రమాదం. నేల ఎండి, పచ్చదనం లేని సమయంలో ఒక్కసారిగా కుమ్మరిస్తాయి. సెప్టెంబర్, అక్టోబర్ వానలు ఎక్కువే అయినా అప్పటికి గడ్డి ఉంటుంది. అందువల్ల కాలువలు, నెట్ మార్చి లోపే అయిపోవాలి. స్టైలో (పశుగ్రాసంగా పెంచే పప్పుజాతి మొక్క) విత్తనాన్ని 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి ఆరబెడితేనే మొలక బాగా వస్తుంది. హెక్టారుకు 10 కిలోలు. జూన్‌లో నెట్ కళ్ల గుండా వట్టివేరు పిలకలు 10 నుంచి 15 సెం.మీ. ఎడంగా, ఒకే మట్టం వెంబడి నాటాలి. వరుసకూ వరుసకూ ఎత్తులో ఒక మీటరు తేడా. వట్టివేరు రెండు మూడు మీటర్లు దిగుతుందన్నది నిజమే గానీ, కింద రాయి ఉంటే దిగదు. నీడ పడితే పలచబడుతుంది, కాబట్టి కానుగ మొక్కలను వరుసలకు దూరంగా పెట్టండి.

ఎరువుల దుకాణంలో చవకగా దొరికే జ్యూట్ నెట్ ఒకటి రెండు వానాకాలాలకే చివికిపోతుంది. కాయర్‌లో లిగ్నిన్ ఎక్కువ కాబట్టి సాధారణంగా మూడేళ్ల దాకా పట్టు ఉంటుంది. గొర్రెలు, మేకలు తిరిగితే ఈ లెక్క పనికిరాదు. మొదటి ఏడాది కంచె లేకపోతే గిట్టలకు నూలు తెగుతుంది. ఎండాకాలంలో ఎండుగడ్డికి నిప్పంటుకుంటే నెట్ కూడా కాలిపోతుంది. అందుకే జనవరిలో గడ్డి కోసి, అంచు వెంబడి రెండు మీటర్లు ఖాళీగా ఉంచాలి.

కొనేటప్పుడు ఐఎస్ 15869 (కాయర్ నెట్‌కు భారతీయ ప్రమాణం) ప్రకారం నేసిన సరుకే అడగండి, చుట్టను తూకం వేయించండి. మీటరు వెడల్పు, 50 మీటర్ల 700 జీఎస్ఎం చుట్ట పొడిగా ఉన్నప్పుడు 35 కిలోలు తూగాలి. తడిసిన చుట్ట తీసుకోవద్దు. బరువు నీళ్లదో పీచుదో తెలియదు.

ప్రతి పెద్ద వాన తర్వాత కాలువ వెంట నడవాలి. కాలువలో ఒండ్రు పట్టడానికి తీసిన గుంట సగం నిండగానే తోడాలి. వానాకాలం ముగిశాక ట్యూబ్ లెవెల్‌తో (నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో) కాలువ మట్టం చూసి, కుంగిన చోట గట్టు ఎత్తు చేయాలి.