గ్రామసభకు గూగుల్ మీట్: లంక ఊళ్లో వాడి చూశాక

నేను కోనసీమలో ఒక లంక గ్రామానికి వార్డు సభ్యుణ్ని. మా గ్రామసభను ఈ గూగుల్ వీడియో కాల్ యాప్ మీట్‌లో కూడా నడపడం మొదలై కొన్నేళ్లవుతోంది. స్టాండు, మైకు, లింకు పంపడం అన్నీ నా నెత్తినే. బాగా పనికొస్తుంది, కాకపోతే రామాలయం అరుగు మీద జరిగే సభకు తోడుగానే.

ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక వస్తే మేం కాజ్‌వే మీద ఆశ వదులుకుంటాం. 13.75కి రెండోది వచ్చేసరికి పడవే దిక్కు. అలాంటప్పుడు అవతలి రేవులో ఆగిపోయిన కార్యదర్శి, ఏటిగట్టు మీద టెంట్లలో ఉన్నవాళ్లు, రాజమండ్రిలో చదివే పిల్లలు ఒకే చర్చలో కూర్చుంటున్నారు. అయితే వరదకు కరెంటు పోయి, టవరు కూడా ఆగిపోతే ఏ యాపూ ఏమీ చెయ్యలేదు.

నేను అనుకోని లాభం గల్ఫ్ వాళ్లు. మా ఊళ్లో చాలా ఇళ్ల నుంచి ఎవరో ఒకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. కువైట్ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక, శుక్రవారం సెలవు. తేదీ మా చేతిలో ఉన్న సభల్ని శుక్రవారం సాయంత్రం పెడుతున్నాం. "ఏప్రిల్‌లో కాలువలు కట్టేసేలోపు మంచినీళ్ల చెరువు నింపుతారా లేదా చెప్పండి ప్రెసిడెంటు గారూ, మా అమ్మ బిందె పట్టుకుని ఎక్కడికెళ్లాలండీ?" అని అక్కడి నుంచి కుర్రాడు అందరి ముందూ అడిగితే మాట దాటెయ్యడం కుదరదు. ఇప్పుడు ఆయన కాగితాలు దగ్గర పెట్టుకునే కూర్చుంటున్నారు.

డ్వాక్రా ఆడవాళ్లు అరుగు దగ్గరైతే వెనక నిలబడి వినేవారు. ఇంట్లోంచి, వీడియో ఆపేసి, బిల్లుల గురించి గట్టిగానే నిలదీస్తున్నారు.

బొమ్మ మసగ్గా ఉన్నా ఫర్లేదు, మాట వినపడాలి. సభలో ఉన్నవాళ్లు కూడా ఫోన్లలో లింకు నొక్కితే కుయ్‌మని ఒకటే గోల. అందుకని అక్కడ ఒక్క ఫోనుకే మైకు, మిగతావన్నీ మ్యూట్. హోస్టు అందర్నీ ఒకేసారి మ్యూట్ చెయ్యొచ్చు. అది వాడకపోతే పక్కింటి కోళ్లూ సీరియల్ ఏడుపులూ మినిట్స్‌లోకి ఎక్కుతాయి.

ఉచిత ఖాతాలో వందమంది వరకే పడతారు, ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది ఉంటే మీటింగు గంటే. ఆ గంట నాకైతే వరమే. ఉపన్యాసాలు తగ్గి, మురుగు కాలువలో గుర్రపుడెక్క తీయించే సంగతి ముందుకొచ్చింది.

ఫోను లేని కౌలురైతులకు, చెవి సరిగా వినపడని పెద్దవాళ్లకు ఇది చాలదు. వాళ్ల కోసం మైకు ఆటో ఇప్పటికీ తిప్పుతున్నాం. తీర్మానాల పుస్తకంలో సంతకాలు కూడా ఎదురుగా ఉన్నవాళ్లవే తీసుకుంటున్నాం. ఏ పంచాయతీ అయినా మొదలుపెడితే ఖరీదైన కెమెరా జోలికి పోవద్దు. ఆ డబ్బు మంచి మైకుకీ, ఇన్వర్టరుకీ పెట్టండి.