పార్కింగ్ వాన నీళ్లకి ఫిల్టర్ స్ట్రిప్పా, స్వేలా? ఏది మేలు

వానాకాలం దగ్గరపడితే చాలు, ఇదే ప్రశ్న. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఆయిలూ దుమ్మూ కలిసిన నీళ్లు నేరుగా డ్రెయిన్‌లోకి పోతున్నాయి, మధ్యలో గడ్డి పెడదామనుకుంటున్నాం, నీళ్లు పలచగా పరుచుకుని దాటే వెడల్పాటి గడ్డి పట్టీ, అదే ఫిల్టర్ స్ట్రిప్, వెయ్యాలా లేక గడ్డి పెంచిన లోతు తక్కువ కాలువ, అదే స్వేల్, తవ్వించాలా అని. దాని వెనకే ఇంకోటి, ఏ గడ్డి మంచిదండీ అని. గడ్డి సంగతి తర్వాత, ముందు నీళ్లు ఆ గడ్డిలోకి ఎలా దిగుతున్నాయో చూడండి, నా లెక్కలో తేలేది అక్కడే.

30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు పార్కింగ్ అనుకుందాం, 600 చదరపు మీటర్లు. గంటకి 50 మిల్లీమీటర్ల వాన పడితే సెకనుకి ఎనిమిది లీటర్ల పైచిలుకు నీళ్లొస్తాయి. అవి 30 మీటర్ల అంచంతా సమానంగా పరుచుకుని 3 శాతం వాలున్న గడ్డిలోకి దిగితే లోతు సెంటీమీటరు కూడా ఉండదు, సెకనుకి మూడు సెంటీమీటర్ల చొప్పున పాకుతాయి, 6 మీటర్ల స్ట్రిప్ దాటేసరికి మూడు నిమిషాలు దాటుతుంది, ఈలోపు మట్టీ, దాన్ని పట్టుకున్న ఆయిలూ లోహాలూ చాలావరకు గడ్డి మొదళ్లలో ఆగిపోతాయి. ఇంత చౌకలో ఇంత పని చేసేది నాకైతే ఇంకోటి కనపడలేదు.

కానీ ఆ అంచులో ఒక్కచోట, అర మీటరు మేర, ఓ సెంటీమీటరు పల్లం ఉందనుకోండి, చుట్టుపక్కల నీళ్లు అటే దొర్లుతాయి, అప్పుడు ఆ అర మీటరు మీద పడేది మనం అనుకున్నదానికి ఎన్నో రెట్లు. నాలుగు గట్టి వానలకి అక్కడ గండి పడుతుంది, మిగతా గడ్డంతా పచ్చగా ఉంటుంది గానీ చేసే పనేం ఉండదు.

మన దగ్గర చిక్కేంటంటే పార్కింగ్ కాంక్రీటు పోసేటప్పుడే మేస్త్రీ ఒక మూలకి వాలిచ్చేసి డ్రెయిన్ ఛాంబర్‌లో కలిపేస్తాడు, చుట్టూ జానెడు ఎత్తు కెర్బ్ రాళ్లు, దాని అవతల ఎర్రమట్టి నింపి రోడ్డు కంటే ఎత్తులో కార్పెట్ గ్రాస్. నీళ్లు గడ్డి ఎక్కి పోవాలన్నమాట! స్ట్రిప్ కావాలంటే కెర్బ్ తీసేసి, అంచుని ట్యూబ్ లెవెల్‌తో (మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపు) రెండేసి మీటర్లకి చెక్ చేయించి, గడ్డి మట్టాన్ని ఆ అంచు కంటే కనీసం 5 సెంటీమీటర్లు కిందికి దించాలి. ఆ 5 సెంటీమీటర్లు ఎందుకంటే పూడిక ముందుగా పేరుకునేది అంచు పక్కనే, ఒకట్రెండు సీజన్లకి చిన్న గట్టులా లేస్తుంది, తర్వాత నీళ్లు లోపలికి దిగకుండా దాని వెంబడే పారతాయి. ఏటా మే నెలలో పారతో ఆ గట్టు చెక్కించాల్సిందే.

స్వేల్‌కి ఇన్ని గొడవలు లేవు. నీళ్లు ఒక మూల నుంచి వచ్చినా తీసుకుంటుంది. 60 సెంటీమీటర్ల వెడల్పు అడుగుభాగం, పక్కలు ఒక వంతు ఎత్తుకి మూడు వంతుల వెడల్పు వాలు, పొడవునా 1.5 శాతం వాలు ఇస్తే అదే ఎనిమిది లీటర్లు దాదాపు 9 సెంటీమీటర్ల లోతున, సెకనుకి 10 సెంటీమీటర్ల వేగంతో పోతాయి. గడ్డి నీటి మట్టం కంటే పైకి ఉండాలి, 10-15 సెంటీమీటర్లన్నమాట, కమిటీ వాళ్లు అందం కోసం బోడిగుండు కొట్టిస్తే నీళ్లు జారిపోతాయి. వాలు 4 శాతం దాటితే అడ్డంగా చిన్న రాతి కట్టలు వేసుకోవాలి. 1 శాతం కంటే తక్కువైతే, అందులోనూ నల్లరేగడి అయితే, నీళ్లు నిలిచి దోమలు, ఆ తర్వాత అసోసియేషన్ మీటింగులో మీకు అక్షింతలు.

అందుకే ఇప్పటికే కట్టేసిన అపార్ట్‌మెంటుకి నేను స్వేలే చెప్తాను, కెర్బ్‌కి మూడేసి మీటర్లకి ఒక గ్యాప్ కొట్టించి. దాని పక్కవాలే సగం స్ట్రిప్ పని చేసిపెడుతుంది. కొత్తగా వేసే లేఅవుటు, రోడ్డు పక్కన జాగా ఉంది, కెర్బ్ ఇంకా పెట్టలేదు అంటే మాత్రం స్ట్రిప్పే వెయ్యండి, అది కుదిరే చోట దాన్ని మించింది లేదు. రెండిట్లో ఏదైనా 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పడ్డ లాంటి వానకి కాదు, అలాంటి నీళ్లు పక్క నుంచి డ్రెయిన్‌కి పోయే దారి విడిగా ఉంచాలి.

రెయిన్ గార్డెన్, అంటే వాన నీళ్లు ఇంకేలా మొక్కలు పెట్టిన గుంట, అడిగేవాళ్లూ ఉన్నారు, బాగుంటుంది, కానీ రెండడుగులు తవ్వగానే రాయి తగిలే చోట ఖర్చు తడిసి మోపెడవుతుంది. వట్టివేరు గడ్డి అంటారా, అది బాగా వాలున్న గట్లకి సరే.

ఇక గడ్డి, మామూలు గరిక చాలు. ఎండాకాలం ఎండినట్టు కనపడుతుంది గానీ వేరు బతికే ఉంటుంది. అయితే అన్నిటికంటే మురికి నీళ్లొచ్చేది తొలకరిలోనే, నెలల తరబడి పేరుకున్న దుమ్మంతా ఒక్కసారి కొట్టుకొస్తుంది కాబట్టి మే మూడో వారం నుంచి తడుపుతూ ఉంటే వాన పడేసరికి గడ్డి లేచి నిలబడుతుంది. ఇంకో మాట, పొద్దున్నే వాచ్‌మన్ బకెట్‌తో కార్లు కడిగే సర్ఫు నీళ్లని స్ట్రిప్పూ ఆపలేదు, స్వేలూ ఆపలేదు, సర్ఫు నీళ్లలో కరిగిపోయి ఉంటుంది కదా, కార్లు కడిగే చోటు వేరే పెట్టి ఆ నీళ్లు మురుగు లైన్‌లోకి తిప్పించండి.