కడప పల్లెదారుల్లో ఫోన్ మ్యాప్: నా అనుభవం

కడప నుంచి బైకుపై బయలుదేరి వేంపల్లె, పులివెందుల, కమలాపురం వైపు చీనీ (బత్తాయి), అరటి తోటల్లో డ్రిప్ పైపులు, ఫిల్టర్లు సరిచేయడం నా వృత్తి. ఇంటర్నెట్ లేకుండా దారి చూపే ఒక మ్యాప్ యాప్‌ను 2021 వేసవి నుంచి ఇందుకోసమే వాడుతున్నాను. దీనిలోని పటం 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి వచ్చింది. ఆ పటాన్ని ఎవరైనా సరిదిద్దవచ్చు.

సిగ్నల్ పోతే మ్యాప్ పనిచేయదని మా వాళ్లలో చాలామంది అనుకుంటారు. ఫోన్‌లోని జీపీఎస్ రిసీవరు ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను వింటుందే తప్ప దేనినీ పంపదు. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే మనమున్న చోటును లెక్కగడుతుంది. కాబట్టి పటం ముందే ఫోన్‌లో ఉంటే గువ్వలచెరువు ఘాట్‌లో టవర్ అందకపోయినా మనమున్న చోటును చూపే నీలిచుక్క కదులుతూనే ఉంటుంది. అయితే డేటా ఆపి ఉన్నప్పుడు మొదటిసారి స్థానం దొరకడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. అందుకే బండి తీయకముందే ఆరుబయట ఫోన్ పట్టుకొని కొద్దిసేపు ఆగుతాను.

దించుకున్న పటంతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, అది దించుకున్న రోజు దగ్గరే ఆగిపోతుంది. 2021 నవంబరు వరదల్లో, చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన ఆ రోజుల్లోనే, కమలాపురం దగ్గర పాపాఘ్ని నదిపై వంతెన కూలిపోయింది. ఆ తర్వాత ఎర్రగుంట్ల వైపు పని పడి యాప్ తెరిస్తే, అది ఏమీ జరగనట్టు ఆ వంతెన మీదుగానే దారి గీసింది. నాకు సంగతి తెలుసు కనుక సరిపోయింది గాని, పొరుగు జిల్లా నుంచి రాత్రివేళ వచ్చే మనిషికి ఎవరు చెప్పాలి? అప్పటి నుంచి నెలకొకసారి తప్పకుండా పటాన్ని కొత్తగా దించుకుంటున్నాను.

వంకల (వాగుల) సంగతి ఇంకా కష్టం. వేంపల్లె దగ్గర ఒక తోటకు యాప్ చూపిన దగ్గరి దారి ఒక చప్టా (వాన వస్తే నీళ్లు పైనుంచే పారే తక్కువ ఎత్తు వంతెన) మీదుగా పోతుంది. ఒక వానాకాలం సాయంత్రం నేను ఆ మలుపు తిరగబోతుంటే గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన చెయ్యి అడ్డంపెట్టి, "సామీ, ఈ దావన పోవద్దు, పైన వాన పడింది, వంకకు నీళ్లొచ్చినాయి" అన్నాడు. నిలబడి చూస్తే ఎర్రటి నీళ్లు చప్టా అంచు రాళ్లను ముంచి పారుతున్నాయి. ఫోన్ మాత్రం ముందుకు వెళ్లమనే చెబుతోంది.

ఊరి పేరుతో వెతకడంలో ఓపిక కావాలి. కొత్తపల్లె అని కొడితే ఎన్నో కొత్తపల్లెలు వస్తాయి. ఒంటిమిట్టను ఇంగ్లీషులో ఒకరు ఒకలా, మరొకరు వేరేలా రాస్తారు. ఊరు దొరికినా తోట దొరకదు, ఎందుకంటే చీనీ తోటకు ఇంటి నంబరు ఉండదు. అందుకని ప్రతి రైతు బోరు దగ్గరా నిలబడి ఆ చోటును గుర్తుపెట్టి, పక్కన "మోటారు షెడ్డు, వేపచెట్టు" అని రాసుకుంటాను. ఈ ఒక్క సదుపాయం వల్ల నాకు కలిసొచ్చిన సమయం అంతా ఇంతా కాదు. పటంలో లేని బండిదావలు కనబడితే, వెళ్లినంత దూరం జాడను నమోదు చేసి, రాత్రి ఇంటికొచ్చి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీస్తాను. నేను గీసిన దారి తర్వాతి నెల పటంలో నా ఫోన్‌లోనే కనబడినప్పుడు ఎంతో తృప్తి కలిగింది.

మే నెల ఎండలో హ్యాండిల్‌కు బిగించిన ఫోన్ బాగా వేడెక్కి తెర వెలుతురు దానంతటదే తగ్గిపోతుంది. అప్పుడు ఫోన్ చొక్కా జేబులో వేసుకొని మాట మాత్రమే వింటాను. టౌనులో రద్దీని ఈ యాప్ చూపదు, నాకు దానితో పనీ లేదు.

తయారుచేసేవారిని నేను కోరేవి రెండే: పటం ఏ తేదీదో దారి చూపే తెరపైనే కనబడాలి; చప్టా వస్తోందంటే ముందుగా తెలుగులో ఒక్క మాట చెప్పాలి.