పాత బుల్లెట్‌కి ముందు బ్రేక్ కిట్ కొంటున్నారా? ప్లేట్ చెవి చూశాకే డబ్బులివ్వండి

పాత బుల్లెట్లకి "డబుల్ క్యామ్ ముందు బ్రేక్, ఫుల్ కిట్, బిగించి తోలేసుకోవడమే" అని ప్రకటన చూసి ఫోన్ తీస్తున్నవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. నాకు పోయింది తొమ్మిదిన్నర వేలు. పళ్ళు కూడా పోవాల్సింది, దేవుడి దయ వల్ల మిగిలాయి.

మా నాన్నగారి బండి 1984 మోడల్ 350. గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడంకాలికి ఉండే పాత రకం. మా బావమరిది తోలినప్పుడల్లా బ్రేకనుకుని గేరు తొక్కేస్తాడు, అది వేరే కథ. ముందు చక్రానికి ఉన్నది 6 అంగుళాల డ్రమ్ము. నాన్నగారి రోజుల్లో సరిపోయింది. ఇప్పుడు రావులపాలెం అరటిగెలల బళ్ళూ, అంబాజీపేట కొబ్బరి లోడ్లూ కాలవగట్టు మలుపులో ఎదురైతే చెయ్యి నొప్పెట్టేలా లివర్ నొక్కినా బండి నింపాదిగా వెళ్తూనే ఉంటుంది. అందుకని తర్వాతి కాలపు బుల్లెట్లలో వచ్చిన 7 అంగుళాల డబుల్ క్యామ్ బ్రేక్ వేద్దామనుకున్నాను.

ఆ ఆలోచనలో తప్పేం లేదు. డ్రమ్ముని లోపల్నుంచి పట్టి ఆపేవి రెండు వంపు దిమ్మెలు, వాటినే షూలంటారు. లివర్ నొక్కితే తిరిగి వాటిని బయటికి తోసే ముక్క క్యామ్. పాత దాంట్లో క్యామ్ ఒక్కటే. రెండు షూలలో ఒకదాన్నే తిరిగే డ్రమ్ము తనవైపు లాక్కుని ఇంకా గట్టిగా పట్టేలా చేస్తుంది, రెండోదాన్ని వెనక్కి నెడుతుంది. డబుల్ క్యామ్‌లో షూకి ఒక క్యామ్, రెండూ లాక్కునేవే. అదే కారణంగా బండి వెనక్కి జారుతున్నప్పుడు మాత్రం రెండూ పట్టు వదిలేస్తాయి. చించినాడ వంతెన ఎత్తులో ట్రాఫిక్‌కి ఆగితే ముందు బ్రేక్ నిలపదు, వెనక బ్రేకు తొక్కి ఉండాల్సిందే. ఇది కిట్ లోపం కాదు, దీనికి మాత్రం అమ్మినవాణ్ణి తిట్టకండి.

తిట్టాల్సింది వేరే ఉంది. ఫోటోలో హబ్బు (డ్రమ్ము ఉండే చక్రం నడిమి భాగం), ప్లేటు (డ్రమ్ముని మూసే, షూలు బిగించే పలక) వెండిలా మెరుస్తున్నాయి. "ఒరిజినల్ అండి, పాత స్టాకు" అన్నాడు అమ్మినవాడు. మొత్తం డబ్బు ముందే ఫోన్‌లో కొట్టించుకున్నాడు. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయకపోవడం నా బుద్ధి తక్కువ. మా ఊరి మెకానిక్ బాబాయ్ హబ్బుని రిమ్ముకి కొత్త స్పోకులతో కట్టి బిగించాడు. మొదటిరోజు బ్రేక్ బాగానే ఉన్నట్టు అనిపించింది. మూడోరోజు లివర్ నొక్కినప్పుడల్లా కింద "టక్" అని చప్పుడు. కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. నాలుగోరోజు దిండి దగ్గర కుక్క అడ్డొస్తే గట్టిగా పట్టాను. టక్ అన్న వెంటనే హ్యాండిల్ ఒకవైపు గుంజింది. కాళ్ళు కింద పెట్టి ఎలాగో ఆపాను.

అక్కణ్ణుంచి బండిని ఆటో ట్రాలీలో పాలకొల్లు లేత్‌కి తీసుకెళ్ళాను. చక్రం విప్పగానే అక్కడి మాస్టారు రంగు మీద గోరు పెట్టి గీకారు. "ఆయ్, ఇది అతుకండీ" అన్నారు.

బ్రేక్ పట్టినప్పుడు చక్రం తిరిగే జోరంతా షూల మీదుగా ప్లేట్ మీద పడుతుంది, ప్లేట్ కూడా చక్రంతో పాటు తిరిగిపోవాలని చూస్తుంది. దాన్ని ఫోర్కు కాలికి పట్టి ఉంచేది అంచున ఉన్న ఒక్క చెవి. నా ప్లేట్‌కి అసలు చెవి ఎప్పుడో విరిగిపోయింది. అల్యూమినియం ముక్క వెల్డింగ్ చేసి, పుట్టీ పూసి, రంగు కొట్టారు. ఆ అతుకు మీద సగం దాకా పగులు. ఇంకో గట్టి బ్రేక్ పడుంటే అది ఊడి, ప్లేట్ గిర్రున తిరిగి, కేబుల్ చుట్టుకుని, నడుస్తున్న చక్రం బిగుసుకుపోయేది. ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మిగతావి కూడా అంతే. రెండు క్యామ్‌లని కలిపే కడ్డీకి స్క్రూ మరలుండాలి. కడ్డీ ఒక పక్క విప్పి, రెండు షూలూ డ్రమ్ముని ఒకేసారి తాకేలా పొడవు సరిచేసి మళ్ళీ బిగించాలి. వీడిచ్చినదానికి మరల్లేవు, రెండు చివరలూ అతికేశారు. అంటే పేరుకి డబుల్ క్యామ్, పని చేసేది ఒక్కటే! షూల మీద రాపిడికి అతికించే లైనర్లు డ్రమ్ము వంపుకి సరిపోక నడిమధ్య బొటనవేలంత చోటే తాకుతున్నాయి. సుద్ద పూసి తిప్పి చూపించారు మాస్టారు.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే "బిగించినోడి తప్పు" అన్నాడు. పగులు ఫోటో పంపాక నంబర్ బ్లాక్ చేశాడు. 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు ఇచ్చాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు. చాటింగు, డబ్బు కొట్టిన రసీదు దాచుకోండి.

ఇంకా కొనాలనుకుంటే రంగు వేయని ప్లేట్ అడగండి. రంగు వేసిందే ఉందంటే చెవి దగ్గర గీకి వీడియో పంపమనండి. తటపటాయిస్తే వదిలేయండి. కడ్డీ మరలు దగ్గర్నుంచి చూపించమనండి. డ్రమ్ము లోపల లేత్ పట్టించాలంటే చక్రానికి స్పోకులు కట్టి బిగించాకే పట్టించండి, ముందే పట్టిస్తే స్పోకుల లాగుడికి డ్రమ్ము మళ్ళీ గుండ్రం తప్పుతుంది. మా బాబాయ్‌కి కూడా ఈ సంగతి తెలీదు, ఆయన్ని ఏమనను?

డిస్క్ వేసెయ్యమని చాలామంది చెప్పారు. వేయొచ్చు, కానీ కాలిపర్‌కి (డిస్క్‌ని నొక్కి పట్టే భాగానికి) చోటున్న ఫోర్కు కాళ్ళు దొరకాలి. పాత కాలికి పట్టీ వెల్డింగ్ చేసి తగిలించేవాళ్ళున్నారు. అతుకు సంగతి తెలిశాక నాకు ధైర్యం లేదు. పైగా డిస్క్‌ని నడిపే బ్రేక్ ఆయిల్ గాలిలో తడి పీల్చుకుంటుంది, ఆయిల్ మరిగితే బ్రేక్ పట్టదు. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, తడి పట్టాక 155కే మరిగే స్థితికి దిగిపోవచ్చు. మన కోనసీమ గాలిలో రెండేళ్ళకోసారి మార్చకపోతే లాభం లేదు.

ప్రస్తుతానికి పాత 6 అంగుళాల డ్రమ్మే తిరిగి ఎక్కించాను. లైనర్లు కొత్తవి వేయించి డ్రమ్ము వంపుకి అరగదీయించి, కేబుల్ కూడా కొత్తది వేశాం. ముందుకంటే బాగా ఆగుతోంది. ఇది మొదటే చేసుంటే కిట్ ఊసే ఎత్తేవాణ్ణి కాదేమో.

నిన్న రాత్రి చూశాను. నాకు పంపిన ఫోటోతోనే ప్రకటన మళ్ళీ పెట్టాడు. ధర మాత్రం ఐదొందలు తగ్గించాడు.