కాపీ అయిందంటుంది, తెరిచి చూడండి: పెన్ డ్రైవ్ బ్యాకప్‌పై ఒక డీటీపీ సెంటర్ సమీక్ష

ముందే చెప్పేస్తాను: పెన్ డ్రైవ్ బ్యాకప్‌కు పనికొస్తుంది, రెండో కాపీగా. ఉన్న ఒక్క కాపీ అదే అయితే మాత్రం నా ఓటు దానికి పడదు. విజయవాడలో డీటీపీ సెంటర్ నడుపుతూ 16, 32, 64 జీబీ డ్రైవులు ఏళ్ల తరబడి వాడాక కుదిరిన అభిప్రాయమిది. మా దగ్గర జరిగేది శుభలేఖలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు, అడపాదడపా ఎవరిదో ఒక కవితా సంపుటి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఫైళ్లు చిన్నవి, కానీ వేలల్లో ఉంటాయి. ఫొటోషాప్ ఫైళ్లు తక్కువే, ఒక్కొక్కటీ వందల ఎంబీలు. ఈ రెండు రకాలూ కలిస్తే పెన్ డ్రైవ్ ఎక్కడెక్కడ మొరాయిస్తుందో అన్నీ బయటపడతాయి.

కొత్తగా మొదలుపెట్టిన వాళ్లకు ముందుగా అడ్డుపడేది 4 జీబీ హద్దు. డ్రైవ్‌లో 25 జీబీ ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది, 6 జీబీ జిప్ ఫైలు పెట్టబోతే మాత్రం ఇది మరీ పెద్దదని కంప్యూటర్ మొండికేస్తుంది. డ్రైవ్ చెడిపోయిందని షాపుకు తిరిగి పట్టుకెళ్లిన వాళ్లను చూశాను. అది డ్రైవ్ తప్పు కాదు. 32 జీబీ, అంతకంటే చిన్న డ్రైవులు సాధారణంగా ఫ్యాట్32 ఫార్మాట్‌తో (డ్రైవ్‌లో ఫైళ్లను సర్దే పద్ధతి) వస్తాయి. అందులో ఫైలు పరిమాణం రాసుకోవడానికి 32 బిట్లే కేటాయించారు కాబట్టి ఏ ఫైలూ 4,29,49,67,295 బైట్లు దాటకూడదు. సెవెన్ జిప్ లాంటి ప్రోగ్రాంతో ముక్కలుగా జిప్ చేసి పెట్టేవాళ్లున్నారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. అయిదు ముక్కల్లో ఒకటి చెడితే మిగతా నాలుగింటితో పెద్దగా ప్రయోజనం ఉండదు. డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫార్మాట్‌కు మార్చేయడమే మేలు. కన్వర్ట్ అనే ఆదేశంతో లోపల ఉన్నది చెరపకుండానే మార్చవచ్చు, అయినా ముందు ఇంకో చోట కాపీ పెట్టుకునే ఆ పనికి దిగండి.

ఎక్స్‌ఫ్యాట్ అనే మూడో ఫార్మాట్ వాడమని అందరూ చెబుతారు. 4 జీబీ బెడద దానితోనూ తీరుతుంది. నా పేచీ వేరు. 32 జీబీకి మించిన డ్రైవ్‌ను విండోస్ ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసేటప్పుడు, మనం ప్రత్యేకంగా మార్చకపోతే, డ్రైవ్‌లోని చోటును గడులుగా (క్లస్టర్లు) విడదీస్తూ ఒక్కో గడిని 128 కేబీగా కోస్తుంది. 3 కేబీ ఫైలు పెట్టినా గడి మొత్తం దానికే పోతుంది. అలాంటివి పది వేలు పెడితే, అసలు సరుకు 30 ఎంబీయే అయినా, 1.2 జీబీ చోటు హరించుకుపోతుంది. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సైజు ఒకటి, డిస్కు మీద ఆక్రమించిన సైజు మరొకటి అని రెండు అంకెలు కనిపించేది ఇందుకే. మామూలు డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్ 4 కేబీ గడులుగా కోస్తుంది. పైగా దానికి జర్నల్ (చేయబోయే మార్పుల చిట్టా) ఉంది కనుక రాస్తుండగా కరెంటు పోయినా ఫోల్డర్ల పట్టిక నిలబడే అవకాశం ఎక్కువ. ఇంట్లో మ్యాక్ ఉన్నవాళ్లు మాత్రం ఎక్స్‌ఫ్యాట్‌కే కట్టుబడాలి. మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతుందే తప్ప దానంతట అది రాయలేదు.

చాలామందికి అంతుచిక్కని తంటా ఇంకొకటి. మారిన ఫైళ్లను మాత్రమే కాపీ చేయమని బ్యాకప్ ప్రోగ్రాంకు చెబుతాం, అది రోజూ మొత్తం సరుకంతా మళ్లీ కాపీ చేస్తుంది. నిమిషంలో అయిపోవాల్సింది గంట పడుతుంది. ఫ్యాట్32లో ఫైలు మారిన సమయం రెండేసి సెకన్ల లెక్కన నమోదవుతుంది. మీరు 10 గంటల 15 నిమిషాల 37 సెకన్లకు సేవ్ చేస్తే 37 అని రాసుకునే వీలు దానికి లేదు, 36 అనో 38 అనో రాసుకుంటుంది. హార్డ్ డిస్కులో 37, పెన్ డ్రైవ్‌లో 38. రెండూ వేరు కదా అని ప్రోగ్రాం మళ్లీ కాపీకి దిగుతుంది. విండోస్ విస్టా నుంచి కంప్యూటర్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ ప్రోగ్రాంకు ఎఫ్ఎఫ్‌టీ అనే స్విచ్ (ఆదేశం చివర చేర్చే మాట) తగిలిస్తే రెండు సెకన్ల తేడాను పట్టించుకోదు. ఎక్స్‌ఫ్యాట్ కూడా ఎన్‌టీఎఫ్‌ఎస్ అంత సూక్ష్మంగా సమయం రాసుకోదు కాబట్టి దానికీ ఇదే స్విచ్ వాడతాను.

అమెరికాలో ఉన్న మన వాళ్లకు దీనికి తోడు మరో చిక్కు. ఫ్యాట్32 స్థానిక సమయాన్నే రాసుకుంటుంది, అది ఏ టైమ్ జోన్‌దో రాసుకోదు. ఏడాదికి రెండుసార్లు అక్కడ గడియారం గంట ముందుకూ వెనక్కూ జరుగుతుంది కదా, ఆ మర్నాడు ప్రతి ఫైలూ గంట తేడాతో కనిపిస్తుంది. రోబోకాపీలో దానికి డీఎస్‌టీ అని విడిగా స్విచ్ పెట్టారు. మన దగ్గర ఆ బాధ లేదు.

రోబోకాపీ గురించి చెప్పాలంటే, ఉచితంగా దొరికే వాటిలో నేను ఇంతకాలం వదలనిది అదొక్కటే. ముఖం మాత్రం కఠినం. ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీలో (కమాండ్ ప్రాంప్ట్) అక్షరాలు పరుగెడుతుంటే కొత్తవాళ్లు బెదురుతారు. ఏదైనా ఫైలు కాపీ కాకపోతే అది పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ఒక్కో ప్రయత్నానికి మధ్య 30 సెకన్లు ఆగుతుంది. ఇది దాని సహజ స్వభావం. కోరల్‌డ్రాలో తెరిచి ఉంచిన ఒక్క ఫైలు చాలు, తెల్లవార్లూ అక్కడే నిలబడిపోతుంది. అందుకని ప్రయత్నాలు రెండు, విరామం అయిదు సెకన్లు అని ఆర్ స్విచ్, డబ్ల్యూ స్విచ్ తప్పకుండా పెట్టాలి. పని ముగించాక అది ఇచ్చే కోడ్ సంగతీ అంతే. 0 వస్తే మార్పేమీ లేదని, 1 వస్తే ఫైళ్లు కాపీ అయ్యాయని అర్థం. 8, ఆపైన వస్తేనే ఏదో కాపీ కాలేదని. 1 చూసి కంగారుపడేవాళ్లు, 8ని చూడకుండా కిటికీ మూసేసేవాళ్లు, ఇద్దరూ ఉన్నారు.

మిర్రర్ స్విచ్ విషయంలో జాగ్రత్త. అసలు ఫోల్డర్‌లో లేనిదాన్ని అది పెన్ డ్రైవ్‌లోంచి కూడా తీసేస్తుంది. పొరపాటున చెరిపిన శుభలేఖ సాయంత్రానికి రెండు చోట్లా మాయం. ఈ స్విచ్ వాడితే ఒకటికి రెండు డ్రైవులు ఉండి వారం మార్చి వారం తిరగాలి.

విండోస్‌తో వచ్చే సదుపాయాల గురించి నాకు అంత సదభిప్రాయం లేదు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫైల్ హిస్టరీ ఆలోచన మంచిదే. గంటకోసారి మారిన ఫైళ్లను దాచిపెడుతుంది, పాత రూపాలు కూడా ఉంచుతుంది. కానీ అది చూసేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లనే. మన వాళ్లు పని అంతా పెట్టేది డీ డ్రైవ్‌లో! సీ డ్రైవ్ ఫార్మాట్ చేయాల్సి వస్తుందని ఎప్పుడో ఒక సర్వీసు కుర్రాడు చెప్పిన మాట అందరికీ నరనరాన జీర్ణించుకుపోయింది. ఆ ఫోల్డర్‌ను లైబ్రరీలో చేర్చకపోతే ఫైల్ హిస్టరీ దాని వంక కూడా చూడదు. బ్యాకప్ నడుస్తోందని కంప్యూటర్ చెబుతూనే ఉంటుంది, మనకు కావలసింది మాత్రం అందులో ఉండదు. పాత రూపాలను ఎప్పటికీ ఉంచాలన్నది దాని మొదటి అమరిక కాబట్టి చిన్న డ్రైవ్ త్వరలోనే నిండిపోతుంది, ఆ గడువు కూడా తగ్గించుకోవాలి.

మొత్తం సిస్టమ్ ఇమేజ్ (విండోస్‌తో సహా కంప్యూటర్ నకలు) తీసి పెన్ డ్రైవ్‌లో పెడదామంటే విండోస్ 7 కాలం నాటి బ్యాకప్ సాధనం ఒప్పుకోదు. ఎంత చోటున్నా పెన్ డ్రైవ్‌ను అది చెల్లదంటుంది, బయటి హార్డ్ డిస్కే కావాలంటుంది. రికవరీ డ్రైవ్ అనేది మరొకటి. పేరు చూసి మోసపోకండి. అది విండోస్‌ను మళ్లీ నిలబెట్టడానికే, మీ ఫైళ్లు అందులో ఉండవు. తయారు చేసేటప్పుడు డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది కూడా. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసినప్పుడు చాలామంది కొత్త మెషిన్లకు మారారు. ఆ హడావిడిలో బ్యాకప్ ఉన్న డ్రైవ్‌నే రికవరీకి వాడబోయిన కేసు నా ముందే జరిగింది, చివరి మీట నొక్కేలోపు ఆపగలిగాం.

డ్రైవ్ అక్షరం మారడం చిన్న విషయమే కానీ విసిగిస్తుంది. నిన్న ‘ఈ’ (E) అక్షరంతో వచ్చింది, ఇవాళ కస్టమర్ పెన్ డ్రైవ్ ముందే గుచ్చి ఉంటే ఎఫ్ అయింది, కాపీ ఆదేశాలు రాసి పెట్టుకున్న బ్యాచ్ ఫైలు దారి తప్పింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి యూ, వీ లాంటి చివరి అక్షరం కేటాయిస్తే ఆ కంప్యూటర్ దాన్ని గుర్తుంచుకుంటుంది.

తెలుగు వాళ్లకు ప్రత్యేకమైన తంటాలు రెండున్నాయి. ఫోల్డర్లకు తెలుగులో పేర్లు పెట్టుకుంటే విండోస్‌కు అభ్యంతరం లేదు, చక్కగా కాపీ అవుతాయి. అదే పేరును బ్యాచ్ ఫైలులో రాస్తే మాత్రం ఆ దారి కనబడలేదంటుంది. బ్యాచ్ ఫైలును యూటీఎఫ్-8గా సేవ్ చేసి, మొదటి వరుసలో కోడ్ పేజీని (ఆ కిటికీ అక్షరాలను చదివే పద్ధతిని) 65001కి మార్చే ఆదేశం పెడితే కుదురుతుంది. నల్ల కిటికీలో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే కనిపించనివ్వండి, కాపీ జరుగుతుంది. పాత జిప్ ప్రోగ్రాములు తెలుగు పేర్లను ప్రశ్నార్థకాలుగా మార్చేస్తాయి, వాటికి దూరంగా ఉండండి.

రెండోది అంతకంటే పెద్దది. మా వృత్తిలో ఇప్పటికీ పేజ్‌మేకర్, అనూ ఫాంట్లదే రాజ్యం. ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షర పద్ధతి) కావు. ఫైలు ఒక్కటే కాపీ చేసి, ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ‘శ్రీరస్తు’ ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు పిచ్చిగా పడి ఉంటాయి. బ్యాకప్ చెడిపోలేదు, అసంపూర్ణం, అంతే. పేజీలో పెట్టిన ఫొటోలు కూడా తరచు లంకెలుగానే ఉంటాయి. పేజ్‌మేకర్ పీఎండీ ఫైలు వస్తుంది, ఫొటో పాత డిస్కులోనే ఉండిపోతుంది. పేజ్‌మేకర్ సేవ్ యాజ్ పెట్టెలో రిమోట్ ప్రింటింగ్‌కు కావలసిన ఫైళ్లన్నీ కలిపి కాపీ చేయమనే ఎంపిక ఉంది, ఆ ఫొటోలు దానితో వస్తాయి. కోరల్‌డ్రా కొత్త వెర్షన్లలో కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్ ఇలాంటిదే. ఫాంట్ల ఫోల్డర్ మాత్రం చేత్తో విడిగా పెట్టుకోవాలి. నా దృష్టిలో బ్యాకప్ అంటే, మా కంప్యూటర్‌తో సంబంధం లేని మరో కంప్యూటర్‌లో గుచ్చినప్పుడు శుభలేఖ శుభలేఖలాగే తెరుచుకోవడం. నెలకోసారి మా వీధిలోనే ఇంకో సెంటర్‌లో గుచ్చి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూస్తాను.

షార్ట్‌కట్ వైరస్ గురించి జిరాక్స్ షాపులకు తిరిగేవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారతాయి, లోపల చోటు నిండినట్టే ఉంటుంది కానీ ఫైళ్లు కనిపించవు. కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి. అవి దాగి ఉన్నాయంతే. ఆ షార్ట్‌కట్లను ముట్టుకోకుండా ముందు యాంటీవైరస్ నడిపి, ఆట్రిబ్ ఆదేశంతో హిడెన్, సిస్టమ్, రీడ్ ఓన్లీ గుర్తులు మూడూ తీసేస్తే తిరిగి ప్రత్యక్షమవుతాయి. పెన్ డ్రైవ్ గుచ్చగానే దానంతట అదే ప్రోగ్రాం నడిచే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ విండోస్ 7లో తీసేసింది, 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీ, విస్టాలకూ అప్‌డేట్ ఇచ్చింది. అయినా ఈ రకం వైరస్ బతుకుతోందంటే మనం షార్ట్‌కట్ మీద నొక్కుతున్నాం కాబట్టే. అందుకే జిరాక్స్ షాపుకు వెళ్లే డ్రైవ్ వేరు, బ్యాకప్ డ్రైవ్ వేరు. ఈ నియమానికి మా సెంటర్‌లో మినహాయింపు లేదు.

కెపాసిటీ విషయంలో రెండు మాటలు. 64 జీబీ అని రాసి ఉన్నది విండోస్‌లో 59.6 జీబీగానో కాస్త తక్కువగానో కనిపిస్తే అది మోసం కాదు. కంపెనీ వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తాయి. అసలు మోసం వేరే ఉంది. మరీ చౌకగా దొరికే డ్రైవ్ పైకి 512 జీబీ చూపిస్తుంది, లోపల 16 ఉంటుంది. 16 నిండాక రాసింది ఎటు పోతుందో దానికే తెలియదు. కాపీ అయిందనే చెబుతుంది! కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాంతో నిండా రాయించి, తిరిగి చదివించి చూడాలి. లినక్స్‌లో ఎఫ్3 అదే పని చేస్తుంది. పెద్ద డ్రైవ్‌కు గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

వేగం గురించి అట్ట మీద రాసిన అంకె చదివే వేగం. రాసే వేగం వేరు, అది కూడా మొదటి కొన్ని జీబీల వరకే ఊపుగా ఉండి తర్వాత చతికిలబడుతుంది. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే మరీ నత్తనడక. మా ప్రశ్నపత్రాల ఫోల్డర్‌ను ఏడాదివారీగా జిప్ చేసి పంపడం మొదలుపెట్టాక ఆ విసుగు తగ్గింది. కాపీ మధ్యలో ఆగిపోతుంటే క్యాబినెట్ ముందు పోర్టు వదిలేసి వెనక మదర్‌బోర్డు పోర్టులో గుచ్చి చూడండి. చాలాసార్లు లోపం ముందు పోర్టుకు వెళ్లే వైరుదే.

విండోస్ 10లో 2018 అక్టోబరు అప్‌డేట్ నుంచి పెన్ డ్రైవ్‌ను త్వరగా తీసేయడానికి అనువైన అమరికే మనం మార్చకుండానే ఉంటోంది. అది చూసి సేఫ్ రిమూవల్ (తీసే ముందు కంప్యూటర్‌కు చెప్పడం) అక్కర్లేదనే వాదన వినిపిస్తుంది. కాపీ నడుస్తుండగా లాగితే ఏ అమరికా కాపాడదు. ఫౌండ్.000 అనే ఫోల్డర్, అందులో సీహెచ్‌కే ఫైళ్లు కనిపించాయంటే బహుశా ఎవరో అలా లాగి ఉంటారు.

ఇక పెన్ డ్రైవ్ జీవితకాలం. ఒకరోజు రాయడం మానేసి, రైట్ ప్రొటెక్టెడ్ అంటుంది. విండోస్‌లోని డిస్క్‌పార్ట్ సాధనంలో రీడ్ ఓన్లీ గుర్తు చెరిపి చూడండి. ఫలితం లేకపోతే లోపలి చిప్ అరిగిపోయి కంట్రోలరే తలుపు మూసేసిందని అనుకోవచ్చు. అలాంటప్పుడు చదవడం సాధారణంగా ఇంకా సాగుతుంది, ఆ కొద్ది సమయంలో అన్నీ బయటికి తీసుకోవాలి. మరమ్మతు చేస్తామనే సాఫ్ట్‌వేర్లకు డబ్బు పోయకండి. వాడకుండా బీరువాలో ఏళ్ల తరబడి పెట్టినా ప్రమాదమే, ఫ్లాష్ చిప్‌లో సమాచారాన్ని పట్టి ఉంచే విద్యుదావేశం మెల్లగా కారిపోతుంది.

కొత్తగా కొనేవాళ్లకు నా సలహా: పేరున్న కంపెనీవి, యూఎస్‌బీ 3 ఉన్నవి, 64 జీబీవి రెండు తీసుకోండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టండి. కస్టమర్ల ఆధార్ కాపీలు, ఫొటోలు ఉంటే బిట్‌లాకర్ తాళం వేయండి. తాళం వేయడానికి విండోస్ ప్రో కావాలి, తీయడానికి హోమ్ చాలు. ఒకటి సెంటర్‌లో, ఒకటి ఇంట్లో. సరుకు 200 జీబీ దాటితే మాత్రం పెన్ డ్రైవ్ జోలికి పోవద్దు, బయటి హార్డ్ డిస్కు కొనుక్కోండి.